సిద్దిపేట ఓటు: 877 నుంచి 1,18,699 దాకా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "సార్, సిద్దిపేట నియోజకవర్గం ఎన్నికల చరిత్ర మీద పదిహేను నిమిషాలు మాట్లాడాలె. పార్టీల జోలికి మాత్రం పోవద్దు" అన్నాడు. పార్టీలు లేకుండా ఎన్నికల ముచ్చట చెప్పుడంటే చింతపండు లేకుండా పచ్చిపులుసు చేసుడే. అయినా నా వంతు ప్రయత్నం చేస్తాను. ఈ హాల్లో అన్ని పక్షాలవాళ్ళూ ఉన్నారు, రేపు పొద్దున మళ్ళీ వాళ్ళందరి మొహాలూ చూడాలి కదా.

హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు 1952లో తొలి ఎన్నిక జరిగింది. అప్పటికి కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో ఆ పక్షంవాళ్ళు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. సిద్దిపేటలో గెలిచింది ఆ పీడీఎఫ్ అభ్యర్థే, గురువారెడ్డి గారు. 1957లో కాంగ్రెస్ తరఫున పి.వి.రాజేశ్వరరావు గారు గెలిచారు. ఇవన్నీ నేను పెద్దలు చెప్పగా విన్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి.

నేను కళ్ళారా చూసిన మొదటి ఎన్నిక 1970 నాటిది. 1967లో గెలిచిన వి.బి.రాజు గారి స్థానం ఖాళీ అయి ఉప ఎన్నిక వచ్చింది. 1969 ఉద్యమం వేడి అప్పటికింకా చల్లారలేదు. తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థి అనంతుల మదన్‌మోహన్ గారు గెలిచారు. నాకప్పుడు పదమూడేళ్ళు. నాకు తెలిసిందల్లా బడికి రెండు రోజులు సెలవు దొరికిందనే. తిరిగొచ్చి చూస్తే మా బల్ల మీద ఎర్రటి లక్క చుక్కలు గట్టిపడి ఉన్నాయి. గోడ మీద సుద్దతో "ఆడవారు" ఒకవైపు, "మగవారు" ఇంకోవైపు అని బాణం గుర్తులు గీసి ఉన్నాయి. ఆ లక్కను గోటితో గీకి జేబులో దాచుకున్న వాళ్ళలో ఇద్దరు ఇవాళ ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ప్రజా సమితి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచింది. ఆ తర్వాత కొద్ది నెలలకే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మదన్‌మోహన్ గారు కాంగ్రెస్ నుంచి 1972లోనూ 1978లోనూ గెలిచారు.

ఇక 1983. నా అసలు కథ ఇక్కడే ఉంది. ఎన్.టి.రామారావు గారి గాలి వీస్తోంది. రాష్ట్రమంతటా తెలుగుదేశం జెండాలే. సిద్దిపేటలో మదన్‌మోహన్ గారి మీద తెలుగుదేశం నిలబెట్టింది ఆయన శిష్యుడిగా పేరున్న యువకుణ్ణే, కె.చంద్రశేఖరరావు గారిని. అంత గాలిలోనూ గురువే గెలిచారు. తేడా 877 ఓట్లు.

అప్పటికి నేను ఉపాధ్యాయుణ్ణి. ఎన్నికల డ్యూటీ పక్క నియోజకవర్గంలో పడింది. పోస్టల్ బ్యాలెట్ కోసం ఫారం నింపి ఇవ్వాలి. రేపు ఇద్దాంలే, ఎల్లుండి ఇద్దాంలే అనుకుంటూ గడువు దాటించాను. స్టాఫ్ రూంలో నాలాంటి వాళ్ళం ఐదుగురం తేలాం. "ఒక్క ఓటుతో ఏమైతది" అన్నది నేనే. ఫలితం వచ్చిన రోజు ఆ ఐదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఊరికో ఐదుగురం అలాంటి వాళ్ళుంటే ఎంతవుతుందో లెక్కల మాస్టారుగా నాకు తెలుసు. నేను ఎవరికి వేసేవాణ్ణో మాత్రం అడగకండి.

1985లో చంద్రశేఖరరావు గారు గెలిచారు. 1989, 1994, 1999ల్లోనూ ఆయనే. 2001లో డిప్యూటీ స్పీకర్ పదవికీ, పార్టీకీ, శాసనసభ్యత్వానికీ రాజీనామా చేసి టీఆర్ఎస్ పెట్టారు. ఉప ఎన్నికలో 58 వేల పైచిలుకు ఆధిక్యంతో తిరిగి గెలిచారు. 2004లో సిద్దిపేట శాసనసభ, కరీంనగర్ లోక్‌సభ రెండూ గెలిచి సిద్దిపేటను వదులుకున్నారు. అదే ఏడాది వచ్చిన ఉప ఎన్నికలో హరీశ్‌రావు గారు మొదటిసారి గెలిచారు. తర్వాత రాజీనామాల వల్ల 2008లో ఒకటి, 2010లో ఒకటి. మామూలుగా అయితే 1999 నుంచి 2010 దాకా మూడుసార్లు ఓటెయ్యాలి. మనం ఏడుసార్లు వేశాం. 2008 మే నుంచి 2010 జూలై వరకు ఇరవై ఆరు నెలల్లోనే మూడుసార్లు. మా పెద్దమ్మ చూపుడువేలు చూపించి, "ఈ సిరా పోకముందే మళ్ళొచ్చిండ్రు బిడ్డా" అనేది.

2008లో రాజీనామా చేసిన 16 స్థానాల్లో టీఆర్ఎస్ నిలబెట్టుకున్నవి ఏడే. అందులో సిద్దిపేట ఒకటి. 2010లో పోటీ చేసిన 11 చోట్లా ఆ పార్టీ గెలిచింది. ఇక్కడ ఆధిక్యం 95 వేలు దాటింది. ఆ ఎన్నికల్లో మనల్ని అడిగింది ఎమ్మెల్యే ఎవరని కాదు, తెలంగాణ కావాలా వద్దా అని. 1970లో అడిగిందీ అదే. ఓటరు రెండుసార్లూ ఒకే జవాబు చెప్పాడు. రోడ్లు, నీళ్ళు, బడి గోడల సంగతి ఆ ప్రశ్న వెనక నిలబడి ఎదురుచూసింది.

రాష్ట్రం వచ్చింది. 2016లో సిద్దిపేట జిల్లా అయింది. కోమటిచెరువు కట్ట మీద సాయంత్రం నడుస్తుంటే ఇది మన ఊరేనా అనిపిస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. 2018లో హరీశ్‌రావు గారి ఆధిక్యం 1,18,699. 2023లో 82 వేల పైచిలుకు. మరి పక్కనే ఉన్న దుబ్బాకలో 2020 ఉప ఎన్నిక 1,079 ఓట్లతో తేలింది.

నాకొక గుబులుంది, దాచుకోను. తేడా 877 ఉన్న కాలంలో అభ్యర్థి ప్రతి గడప తొక్కేవాడు, ఓడినవాడు కూడా మళ్ళీ రెండేళ్ళకు ఎదురుపడేవాడు. తేడా లక్ష దాటినప్పుడు ఓడినవాడి పేరు వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు. గెలిచినవారు ఎంత పని చేసినా, అడిగేవాడు ఒకడు ఎదురుగా ఉండడం వేరు. ఇది ఒక పార్టీ మీద ఫిర్యాదు కాదు. వేరే పార్టీ లక్షతో గెలిచినా ఇదే మాట చెప్తాను.

2018లో నేను రిటైరై ఉన్నాను, డ్యూటీ లేదు. మన బడిలోనే, ఒకప్పుడు ఎనిమిదో తరగతి కూర్చున్న గదిలోనే నా ఓటు. బయట స్లిప్పులు ఇస్తున్నామె నా దగ్గర చదువుకున్న పిల్లే. "సార్, మోకాళ్ళ నొప్పులతో ఎందుకొచ్చిండ్రు? ఎవరు గెలిచేది తెలిసిందేనాయె" అంది.

"ఎనిమిది వందల డెబ్బై ఏడు" అన్నాను.

"అది మీ వరుస నంబరు కాదు సార్" అంటూ మళ్ళీ స్లిప్పు చూసింది.

వెనక లైను పెద్దగా ఉండడంతో చెప్పడం కుదరలేదు. ఆ అమ్మాయి ఇవాళ ఈ సభకు వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. అందుకే కార్యదర్శి అడగ్గానే ఒప్పుకున్నాను.