నొప్పి లేని రోగము

మెరుపును చూచి చిలకలపూడి గిల్టునగను బంగారమనుకొనరాదని మనకెవరును చెప్పనక్కరలేదు. నొప్పి లేదు గనుక రోగము లేదనుకొనుటయు అట్టిదే. మలములో రక్తము కనబడినను, మా పెదనాన్నగారు మొలలే అనుకొని, మంగినపూడి సముద్రస్నానమైన పిదప చూపించుకొందునని రెండు కార్తికములు గడిపిరి. తీరా అది పెద్దప్రేగు క్యాన్సరు. అప్పటికే కాలేయమునకు ప్రాకినది.

ఈ వ్యాధి చాలవరకు పాలిప్ అను చిన్న కండగా మొదలై, క్యాన్సరగుటకు సుమారు పదేండ్లు పట్టును. కొలనోస్కోపీలో దానిని అప్పుడే తీసివేయవచ్చును. 45 ఏండ్లు దాటినవారు మలములో కంటికి కనబడని రక్తమును పట్టు ఫిట్ పరీక్ష ఏటేటా చేయించుకొనవచ్చును. రక్తమున్నచో కొలనోస్కోపీ తప్పదు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చియుండిన 40 ఏండ్లకే వైద్యుని అడుగవలెను. పెదనాన్నగారి కుమారుడు సిగ్గు విడిచి మొన్న వెళ్లెను. రెండు పాలిప్‌లు తీసిరి.