ఒప్పందంలోని అంకెలు

రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు చదివే మనకు సైన్సుతో పనేమిటని మీకు అనిపించవచ్చు.

1996 డిసెంబరు 12న భారత్, బంగ్లాదేశ్ 30 ఏళ్ల గడువుతో కుదుర్చుకున్న గంగా జలాల ఒప్పందాన్నే చూడండి. జనవరి నుంచి మే వరకు పది రోజులకొకసారి ఫరక్కా వద్ద లెక్క కడతారు. ప్రవాహం 70 వేల క్యూసెక్కులకు మించకపోతే చెరిసగం. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 50 వేలకన్నా తగ్గితే ఇరు ప్రభుత్వాలు వెంటనే సంప్రదింపులు జరపాలి. అంటే, దౌత్యాన్ని కదిలించేది ఒక కొలత. దాని వెనుక రెండు దేశాల రైతుల పంట ఉంది.

ఈ లెక్క చదవగలిగితే విదేశాంగ శాఖలో, పరిశోధనలో, పత్రికల్లో మీ మాటకు బలముంటుంది. సార్క్ దేశాల చొరవతో 2010లో ఢిల్లీలో తరగతులు మొదలైన దక్షిణాసియా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాల ఎం.ఏ. కూడా ఉంది. ఏ ఒప్పందం చదివినా, చివరి అనుబంధ పట్టికలు వదిలిపెట్టకండి.