మాట ఎక్కడ ఆపాలి? డేవిడ్ అటెన్‌బరో దగ్గర నేను నేర్చుకున్నది

ఈ ఎపిసోడ్‌లో ఒక పెద్దాయన గురించి మాట్లాడుకుందాం. పేరు డేవిడ్ అటెన్‌బరో. పేరు తెలియకపోయినా గొంతు మీరు వినే ఉంటారు. ఫోన్‌లో ఏదో జంతువుల క్లిప్ వస్తుంది, వెనకాల నెమ్మదిగా, పక్కన కూర్చుని చెవిలో చెప్తున్నట్టు ఒక ఇంగ్లీష్ గొంతు. చాలాసార్లు అది ఆయనదే.

ఆయన దగ్గరికి వెళ్లేముందు, నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి చెప్తాను.

గుంటూరు పక్కన ఉప్పలపాడు ఉంది కదా. ఊరి చెరువులో చెట్ల నిండా పక్షులే. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు. మనవాళ్లు గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అంటారు. నా మొదటి వీడియో అక్కడే తీశాను. నాలుగు నిమిషాల వీడియో. అందులో నేను ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. "చూడండి ఫ్రెండ్స్, కొంగ ఎగురుతోంది, చూడండి ఫ్రెండ్స్, కొంగ వాలింది..." అంతా ఇదే. ఫోన్ మైక్‌లో గాలి హోరు, ఆటో హారన్లు పడ్డాయని అసలు సౌండ్ మొత్తం తీసేశాను. నెట్‌లో దొరికిన ఏదో పక్షుల కిలకిల అతికించాను.

మా అమ్మ చూసి ఒకటే అడిగింది. "ఒరే, నువ్వు కాసేపు నోరు మూసుకుంటే ఆ పక్షుల్ని చూస్తాం కదరా?" సరే, అమ్మ అంతేలే అనుకున్నాను. కానీ చెరువు దగ్గర టీ కొట్టాయనకి చూపిస్తే ఆయన మొహం ముడుచుకుపోయింది. "బానే ఉంది గానీ బాబూ, మా పక్షులు అట్లా కూయవు" అన్నాడు.

అది గుచ్చుకుంది. తర్వాత చదివితే తెలిసింది, పెద్దవైన పెయింటెడ్ స్టార్క్‌లు దాదాపు కూయవు. ముక్కులు టకటకలాడిస్తాయి. గూళ్లలో గోల చేసేది ఎక్కువగా పిల్లలే. ఆ ఊరివాళ్లు ఎన్నో ఏళ్లుగా ఆ పక్షుల్ని కాపాడుకుంటున్నారు. నేను ఒక్క పూట వెళ్లి, వాళ్ల పక్షులకి వేరే గొంతు పెట్టి వచ్చాను.

అప్పుడు కూర్చున్నాను అటెన్‌బరో ముందు, నోట్‌బుక్ పట్టుకుని.

ఆయన 1926లో పుట్టారు. 1952లో బీబీసీలో చేరారు. మొదట్లో తెర మీద కనిపించనివ్వలేదట, పళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయని. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పుకుంటారు. 1954లో 'జూ క్వెస్ట్' అనే కార్యక్రమం మొదలైంది. ఆయన దానికి ప్రొడ్యూసర్. చూపించాల్సిన లండన్ జూ ఆయనకి ఒంట్లో బాగోకపోతే, ఆ చోటులోకి ఈయన వచ్చారు. అలా ప్రెజెంటర్ అయ్యారు. తర్వాత బీబీసీ టూ చానల్‌కి పెద్ద అయ్యారు. 1967లో అందులో రంగుల ప్రసారాలు మొదలైంది ఆయన హయాంలోనే. 1970ల మొదట్లో బీబీసీలో కుర్చీ ఉద్యోగం వదిలేసి మళ్లీ అడవుల్లోకి వెళ్లిపోయారు.

సరే, పాఠాలకి వద్దాం.

మొదటిది. కంటికి కనబడేది నోటితో చెప్పరు. 2016లో వచ్చిన 'ప్లానెట్ ఎర్త్ టూ'లో గాలపాగోస్ దీవుల సీన్ గుర్తుందా? ఇసకలోంచి అప్పుడే బయటికొచ్చిన ఇగువానా పిల్ల, రాళ్ల సందుల్లోంచి ఒక్కసారిగా వచ్చిపడే పాములు. పరుగు మొదలయ్యాక ఆయన మాటలు లెక్కపెట్టండి. చాలా తక్కువ. "పాము వస్తోంది" అని చెప్పక్కర్లేదు, మనమే చూస్తున్నాం. మనకి కనబడనిది మాత్రం ముందే చెప్పిపెడతారు. ఆ పిల్ల ఎటు వెళ్లాలి, ఎందుకు వెళ్లాలి. అంతే. తర్వాత భయపడటం మన పని.

రెండోది. ఒక్క వాక్యంతో దేశాలు దాటిస్తారు. 1979లో వచ్చిన 'లైఫ్ ఆన్ ఎర్త్' చూడండి, 13 భాగాలు. ఒక విషయాన్ని ఒక ఖండంలో ఎత్తుకుని, ఇంకో ఖండంలో ముగిస్తారు. మనకి కుదుపు తెలియదు, ఎందుకంటే ఆలోచన తెగదు. ఇంకో చిన్న కిటుకు, చాలాసార్లు అదే నీలం చొక్కా, అదే ఖాకీ ప్యాంటు. నెలల తేడాతో తీసిన షాట్లు పక్కపక్కన పెట్టినా అతుక్కుంటాయి. ఇది మనం ఈరోజే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

మూడోది నాకు చాలా ఇష్టం. అదే సిరీస్ కోసం 1978లో రువాండాలో గొరిల్లాల దగ్గరికి వెళ్లారు. బొటనవేలు మిగతా వేళ్లకి ఎదురుగా రావడం ఎంత ముఖ్యమో చెప్పాలని ప్లాన్. కానీ గొరిల్లాలు బాగా దగ్గరికి వచ్చేశాయి. అక్కడ కూర్చుని బొటనవేలి పాఠం చెప్పబుద్ధి కాలేదు ఆయనకి. గుసగుసగా, గొరిల్లాతో చూపు కలిస్తే ఎలా ఉంటుందో చెప్పారు. పిల్ల గొరిల్లాలు ఆయన మీదకే ఎక్కాయి. స్క్రిప్ట్ పక్కన పెట్టడం చేతకాకపోతే ఆ సీన్ మనకి దొరికేది కాదు.

ఇక నాలుగోది, నాకు తగలాల్సింది. ఇలాంటి డాక్యుమెంటరీల్లో చాలా శబ్దాలు స్టూడియోలో తయారుచేసినవే. దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీస్తే అడుగుల చప్పుడు మైక్‌కి అందదు మరి. మరి వాళ్లకీ నాకూ తేడా ఏంటి?

ఆ ప్రశ్న ఆయన్నీ వదల్లేదు. 2011లో 'ఫ్రోజెన్ ప్లానెట్'లో అప్పుడే పుట్టిన ధ్రువపు ఎలుగుబంటి పిల్లల్ని చూపించారు. అవి మంచులో కాదు, నెదర్లాండ్స్‌లో ఒక జూలో తీసినవని తెలిసి బ్రిటన్‌లో పెద్ద గొడవైంది. వెబ్‌సైట్‌లో చెప్పామని బీబీసీ అంది. నిజం గూట్లో కెమెరా పెడితే పిల్లలకో కెమెరామన్‌కో ముప్పు, మధ్యలో జూ పేరు ఎత్తితే సీన్ మూడ్ చెడిపోతుంది అని అటెన్‌బరో వాదించారు.

నా అభిప్రాయం చెప్తాను, మీకు నచ్చకపోవచ్చు. తల్లి జోలికి వెళ్లకపోవడం సరైన పనే. కానీ ఆ ముక్క ప్రోగ్రాం చివర్లోనైనా చెప్పి ఉండాల్సింది. అంత నమ్మే గొంతు కాబట్టే చెప్పాలి. అయినా వాళ్లు చూపించింది ధ్రువపు ఎలుగుబంటినే, అది నిజంగా ఎలా ఉంటుందో అలాగే. నేను అతికించింది అసలు ఆ పక్షిదే కాదు. తేడా అక్కడుంది.

మళ్లీ ఉప్పలపాడు వెళ్లాను. తెల్లారకముందే. ఫోన్‌కి గాలి తగలకుండా కర్చీఫ్ చుట్టి, పావుగంట సేపు శబ్దం ఒక్కటే రికార్డ్ చేశాను. కొత్త వీడియోలో నేను మాట్లాడింది మొత్తం పదకొండు వాక్యాలు.

మీరూ ఒక పని చేయండి. మీ వీడియోని ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. బొమ్మలే కథ చెప్పేస్తున్న చోట మీ మాట కొట్టేయండి. తర్వాత కళ్లు మూసుకుని వినండి. మీకు ఖచ్చితంగా తెలియనిది ఒక్కటి వినబడినా, అది తీసేయండి.

టీ కొట్టాయనకి కొత్త వీడియో చూపించాను. మధ్యలో ఆటో హారన్ వచ్చింది. సారీ అండీ, అది తీసేస్తాను అన్నాను.

"ఉండనీయి బాబూ. అది మావాడి ఆటోనే" అన్నాడు.

ఉంచేశాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.