పసివాని చికిత్స, కడవలోని నీరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతములలో పూర్వము తరచుగ కనబడిన దృశ్య మొకటి కలదు. ఏడెనిమిదేండ్ల పిల్లవాని కాళ్ళు వంకరపోవుచుండగా తల్లిదండ్రులు నూనె మర్దనలు చేయించిరి, కట్లు కట్టించిరి, తాయెత్తులు వేసిరి, పట్నమునకు గొనిపోయి మాత్రలు తెచ్చిరి. ఆ మాత్రలు మ్రింగుటకు గ్లాసుతో నందించినది మాత్రము ఆ బోరింగు నీరే!

ఫ్లోరోసిస్ అను నీ వ్యాధిని భారతదేశమున 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నల్లగొండ, మహబూబునగరము జిల్లాల నేల యడుగున గ్రానైటు శిల గలదు. అందలి ఫ్లోరైడు లోతునీటిలో కరగును. దానికి రంగు లేదు, వాసన లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లపై గార, కీళ్ళనొప్పులు, తుదకు ఎముకల వంకర కలుగును.

పోతనామాత్యుని భాగవతమున కాళియుని కథ అందరు నెరిగినదే. విషజలము త్రాగి పడిన గోపాలకులను కృష్ణుడు బ్రదికించెను. అంతటితో నూరకుండక మడుగులోనికి దుమికి సర్పమును వెడలగొట్టెను. బ్రదికినవారు మరునాడు దప్పిగొని ఆ రేవునకే పోవలసినవారు గదా!

జ్వరమునకు, విరేచనములకు కాచిన నీరు మంచిదని వైద్యుడు చెప్పును. అది సత్యము. దానిని విని ఫ్లోరైడు నీటిని కూడ తల్లులు కాచి పోయుచుందురు. కాని ఫ్లోరైడు చచ్చుటకు క్రిమి కాదు. కాచినకొలది నీరు ఆవిరియై పోవును, ఫ్లోరైడు మిగిలి చిక్కనగును. గుడ్డతో వడబోసినను అది పోదు.

పండ్లు పచ్చబడినవని పిల్లలను బొగ్గుతోను ఇటుకపొడితోను తోముకొమ్మని దండించుట మరియొక పొరపాటు. ఆ గార పన్ను చిగురులో రూపుగొనునప్పుడే లోన పట్టినది. బాలునియందు దోషము లేదు.

వైద్యుడు కాల్షియము మాత్రలు వ్రాసిన నొప్పి తగ్గగానే మానరాదు. ప్రేగులలో కాల్షియము ఫ్లోరైడును పట్టుకొని రక్తములో చేరకుండ కొంత అడ్డగించును. పాలు, రాగులు, ఆకుకూరలు చేయు మేలును అట్టిదే. జాతీయ పోషకాహార సంస్థవారు పాఠశాల బాలురకు దినమునకు 10 గ్రాముల చింతపండు నిచ్చి చూడగా, మూత్రముద్వారా ఫ్లోరైడు హెచ్చుగ వెడలెనని 2002లో ప్రకటించిరి. పచ్చిపులుసు ప్రియులకిది శుభవార్తయే, కాని అది నీటికి బదులు కాజాలదు. చంటిబిడ్డకు తల్లిపాలే రక్ష. వానిలో ఫ్లోరైడు అత్యల్పము. ఎదుగుచున్న పిల్లలకు నీరు మారిన కొంత మేలు కలుగవచ్చును. ముదిరిన వంకర మాత్రలతో పోదు. కొందరికి శస్త్రచికిత్స చేయుదురు.

పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దించు విధానమును నాగపూరు సంస్థ యొకటి 1970లలో రూపొందించెను. దానికి లోకమున ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. వ్యాధివలన వచ్చిన ఖ్యాతి! పటిక పాలు నీటి గుణమునుబట్టి మారును గనుక పరీక్ష లేక ఉజ్జాయింపుగ వేయరాదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో నదీజలము కుళాయిలకు వచ్చినది. అయినను త్రాగుటకు కుళాయి నీరు, అన్నము పప్పు వండుటకు బోరు నీరు వాడు ఇండ్లున్నవి. ఎసటిలో పోసినదియు బిడ్డ కడుపులోనికే పోవును. కుళాయి రానిదినమున ఏ నీరు పట్టవలెనో ముందే తెలిసియుండవలెను.

పూర్వపు పహాణీలలో బావి యెవరిది, ఎంత భూమి పారును అని వ్రాసెడివారు. నీటిలో నేమున్నదో వ్రాయు గడి లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలలో పరీక్ష చేయుదురు. ఈ గ్రంథాలయపు బల్లమీద ఒక పుస్తకము నుంచి, ఏ బోరు నీరు ఏనాడు పరీక్షించిరో, ఎంత ఫ్లోరైడు తేలెనో వరుసగ వ్రాసినచో, చదువు రాని తల్లికి ఆమె బిడ్డయే దానిని చదివి చెప్పగలడు.