పాత సైకిలుకి కొత్త మెరుపు

ఈ వారం పాత సైకిలు భాగాలకు మెరుపు తెప్పించడం గురించి నాలుగు మాటలు.

1990లలో అమెరికాలో మౌంటెన్ బైకులకి ఊదా, నీలం రంగుల అల్యూమినియం భాగాలంటే తెగ మోజు. గరాజ్ సేల్‌లో అలాంటి సైకిలు కొంటే, ఆ రంగు ఎండకి వెలిసిపోయి గీతలు పడి ఉంటుంది. చాలామంది అది పెయింటనుకుని గీకబోతారు. అది యానొడైజింగ్. అల్యూమినియాన్ని ఆమ్లంలో ఉంచి కరెంటు పంపిస్తే పైపొర ఆక్సైడుగా మారుతుంది. ఆ పొరలోని సన్నటి రంధ్రాల్లో రంగు పట్టించి, వేడినీళ్ళతో మూసేస్తారు. అంటే అది పైన పూసింది కాదు, లోహంలోంచే పుట్టింది. మన వంటింట్లో నల్లటి హాకిన్స్ ఫ్యూచురా కుక్కరుదీ ఇదే కథ. పొర ఇంకాస్త మందం, అంతే.

ఇత్తడి చెంబుకైతే చింతపండు చాలు. ఈ పొరకి మాత్రం క్షారం కావాలి. దాన్నే ఇక్కడ లై అంటారు, అసలు పేరు సోడియం హైడ్రాక్సైడ్. హార్డ్‌వేర్ షాపులో డ్రెయిన్లు శుభ్రం చేయడానికి అమ్ముతారు. ఇంకేమీ కలపని లై అని డబ్బా మీద ఉన్నదే కొనండి. చిక్కేమిటంటే, లై ఆ పొరతో ఆగదు, కింది అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. కుక్కరుని డిష్‌వాషర్లో పెట్టవద్దనేది కూడా ఇందుకే, ఆ సబ్బులో క్షారం ఉంటుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు స్టీలు బోల్టులు, బేరింగులు విప్పేసి, జిడ్డు కడుగుతాను. కళ్ళద్దాలు, రబ్బరు గ్లవ్స్ వేసుకుని ఆరుబయట ప్లాస్టిక్ బకెట్లో లీటరు చన్నీళ్ళు పోసి, అందులో రెండు టేబుల్ స్పూన్ల లై కొద్దికొద్దిగా వేస్తాను. నీళ్ళలోనే లై వెయ్యాలి, లై మీద నీళ్ళు పొయ్యకూడదు. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, దగ్గర నిప్పు ఉండకూడదు. నిమిషానికోసారి తీసి చూసి, రంగు పోగానే ధారగా కడిగేస్తాను. మిగిలిన నల్లటి మసి రుద్దితే పోతుంది. తర్వాత నీళ్ళు తడుపుతూ 400, 600, 1000, 1500 నంబరు ఎమెరీ కాగితాలు వరుసగా. ముందు కాగితం గీతలు పూర్తిగా పోయాకే తర్వాతది పట్టుకోండి. చివర మెటల్ పాలిష్, మెత్తటి గుడ్డ.

చెయ్యకూడనివీ ఉన్నాయి. షాక్ ఫోర్కులో జారే గొట్టాలు, మరలు, బేరింగు కూర్చునే చోట్లు ముట్టుకోవద్దు. పగులు కనిపించిన హ్యాండిల్‌ని పాలిష్ చెయ్యకండి, పారేయండి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్ళలో తొక్కే సైకిలైతే ఆ పొరని అలాగే ఉంచండి. అదే దానికి రక్ష.

పిల్లలున్న ఇంట్లో లై డబ్బాకి తాళం వెయ్యండి. కంట్లో పడితే ఆపకుండా కనీసం పావుగంట నీళ్ళతో కడుగుతూ 911కి ఫోన్ చెయ్యండి. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

ఇక సెలవు.