వేసవి దాహానికి ఇంటి షర్బత్తు

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి రుచి నాలిక మీద ఉండగానే మన ప్రాంతంలో ఎండలు ముదురుతాయి. శ్రీరామనవమి పందిట్లో పానకం తాగి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో అందరిదీ ఒకటే మాట, “చల్లగా తాగడానికి ఏమన్నా ఉందా?” అని. మగవారు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే అడుగుతారు. సెలవులిచ్చిన పిల్లల సంగతి సరేసరి. గంటకోసారి ఫ్రిజ్ తలుపు తీసి చూస్తూనే ఉంటారు. ఇంట్లో ఏమీ లేకపోతే వీధిలోకి పరుగెడతారు. వీధిలో ఉండేది రంగునీళ్ల బండి, లేకపోతే కూల్ డ్రింకు సీసా.

ఆ రెండింటి అవసరం లేకుండా నిమ్మకాయతోనూ, ఈ కాలంలో దొరికే పళ్లతోనూ ఇంట్లోనే మంచి షర్బత్తు చేసుకోవడం ఎలాగో ఈ పూట చెప్పుకుందాం. నిమ్మకాయ షర్బత్తు చేయడం రానిదెవరికి అంటారేమో! నేనూ అలాగే అనుకున్నాను, ఒక వేసవిలో దెబ్బతినేదాకా.

చాలా ఏళ్ల కిందటి మాట. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. పరీక్షలు అయిపోయిన రోజు స్నేహితులతో కలిసి బడి గేటు దగ్గర బండి మీద ఎర్రటి షర్బత్తు తాగి వచ్చాడు. గోనెసంచిలో చుట్టిన ఐసుదిమ్మను సుత్తితో కొట్టి, ఆ ముక్కలు గ్లాసులో వేసి ఇస్తారు చూడండి, అదన్నమాట. అర్ధరాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. తెల్లారేసరికి పిల్లవాడు వాడిపోయాడు. నీరసించిపోతున్నాడు కదా, బలం రావాలని నేను నిమ్మరసంలో గుప్పెడు పంచదార పోసి, చిక్కగా కలిపి పట్టించాను. పట్టించినకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. కళ్లు లోపలికి పోయాయి. నాలుక పిడచ కట్టుకుపోయింది. పొద్దుటినుంచీ ఒంటికి పోయలేదన్న సంగతి మా అత్తగారు గమనించి చెబితేగాని నాకు తట్టలేదు.

ఆస్పత్రిలో డాక్టరుగారు పిల్లవాడి పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు. “ఏం పట్టించారమ్మా?” అని అడిగారు. చెప్పాను. “నిమ్మరసం తప్పు కాదు, ఆ తీపి తప్పు. పేగులో తీపి మరీ ఎక్కువైతే అది ఒంట్లో ఉన్న నీటిని కూడా పేగులోకి లాగేసుకుంటుంది” అన్నారు. రెండు రోజులు సెలైను ఎక్కించాక వాడు లేచి కూర్చున్నాడు. అమ్మ చేతి షర్బత్తు అమృతమే కావచ్చు. కాని ఎప్పుడు, ఎంత, ఏ నీళ్లతో అన్నది తెలియకపోతే ఆ అమృతమే ముప్పు తెచ్చిపెడుతుందని ఆ రోజు తెలుసుకున్నాను.

అందుకే ముందు నీళ్ల సంగతి. షర్బత్తులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే కదా! కుళాయి నీళ్లయినా, బోరు నీళ్లయినా తెర్లేదాకా కాచి, మూతపెట్టి చల్లార్చినవే వాడండి. నీటిని శుద్ధిచేసే యంత్రం ఇంట్లో ఉంటే దాని ఫిల్టర్లు వేళకు మార్చారో లేదో చూసుకోండి. ఐసు కూడా ఆ నీళ్లతోనే ఫ్రిజ్‌లో పెట్టుకోండి. గడ్డకడితే క్రిములు చస్తాయని కొందరి నమ్మకం. అది నిజం కాదు. చాలా క్రిములు చలికి నిద్రపోతాయంతే. ఐసు కరగ్గానే మళ్లీ లేస్తాయి. తినడానికి పనికిరాని ఐసులో నీలం రంగు కలపాలని 2018లో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. కాని ఐసును పొడి చేసి, పైన ఎర్రరంగు పోశాక అది నీలమో తెలుపో ఎవరు పోల్చుకోగలరు?

ఇక పాత్రలు. నిమ్మరసం పులుపు అల్యూమినియాన్నీ, రాగినీ, కళాయిలేని ఇత్తడినీ తింటుంది. ఆ లోహం మన కడుపులోకి వస్తుంది. స్టీలు, గాజు, పింగాణీ పాత్రలు మంచివి.

అయిదుగురున్న ఇంటికి కొలత చెబుతాను. లీటరు నీళ్లు, మధ్యరకం నిమ్మకాయలు నాలుగు, తలకొట్టిన టీ చెంచాతో పన్నెండు చెంచాల పంచదార, పావు చెంచా ఉప్పు. కాయలను అరచేత్తో గచ్చు మీద రెండుమూడుసార్లు దొర్లించి కోస్తే రసం బాగా దిగుతుంది. తొక్క నలిగేలా, గింజలు చితికేలా మాత్రం పిండకండి, చేదు వస్తుంది. పంచదారను ముందు కాసిని వేడినీళ్లలో కరిగించి, పలచని గుడ్డతో వడకట్టి చల్లారనివ్వండి. నిమ్మరసం అన్నిటికన్నా చివర కలపాలి. వేడి తగిలితే అందులోని సి విటమిను నశిస్తుంది. రెండు ఏలక్కాయలు చితక్కొట్టి వేసుకోండి. నాలుగు పుదీనా ఆకులు వేసినా బాగుంటుంది.

ఈ లెక్కన గ్లాసుకు రెండున్నర చెంచాల పంచదార పడుతుంది. మూడు వందల మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో ముప్ఫై గ్రాములకు పైగా, అంటే ఆరు చెంచాలకు మించి ఉంటుంది. పంచదారను రోజుకు ఆరు చెంచాల లోపు ఉంచుకుంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సలహా ఇచ్చింది. కాఫీ, టీ, స్వీట్లు అన్నీ ఆ ఆరు చెంచాల్లోనే సర్దుకోవాలి సుమా! ఇంట్లో చేశాం కదా అని పంచదార డబ్బా గుమ్మరిస్తే దానికీ, సీసాకీ తేడా లేదు. వారానికి ఒక్క చెంచా చొప్పున తగ్గిస్తూ రండి. నాలిక ఇట్టే అలవాటు పడుతుంది. మావారికి నేను చెప్పకుండానే తగ్గించాను. ఆయన ఇప్పటికీ కనిపెట్టలేదు!

నిమ్మతో పళ్లు కలిపితే పిల్లలకు మరింత సరదా. నల్లద్రాక్ష పావుకిలో తీసుకుని, ఉప్పునీళ్లలో కాసేపు నానబెట్టి, రెండుమూడు నీళ్లలో కడగండి. కప్పు నీళ్లు పోసి సన్నని సెగ మీద అయిదు నిమిషాలు వెచ్చచేస్తే తొక్కలోని రంగు దిగుతుంది. మెత్తగా మెదిపి, వడకట్టి, చల్లారాక మిగిలిన నీళ్లు కలిపి లీటరు చేయండి. ఇప్పుడు పిల్లల్ని పిలిచి, వాళ్ల ఎదుటే మూడు నిమ్మకాయల రసం పోయండి. ఊదారంగు కాస్తా మిలమిలలాడే ఎరుపుకు తిరుగుతుంది! పులుపు తగిలితే ద్రాక్షరంగు గుణమే అది. రంగు కోసం బండి దగ్గరికి పోయే పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి? పండులోనే తీపి ఉంది కాబట్టి పంచదార సగం వేస్తే చాలు.

పుచ్చకాయకు పొయ్యితో పనే లేదు. అరకిలో ముక్కలు గింజలు తీసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, రెండు నిమ్మకాయలు పిండి, చిటికెడు ఉప్పు, కాస్త మిరియాలపొడి వేస్తే అయిపోయింది. పంచదార అక్కర్లేదు. అయితే కాయ మొత్తంగా కొనండి. సగం కోసి, ఈగలకు వదిలేసినది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. బత్తాయిరసం కలుపుకుంటే వెంటనే తాగెయ్యాలి, నిలవుంటే చేదెక్కుతుంది. పచ్చిమామిడికాయల రోజుల్లో ఒక పెద్దకాయను ఉడికించి, గుజ్జు తీసి, బెల్లం, ఉప్పు, వేయించిన జీలకర్రపొడి కలిపి నీళ్లు పోసుకుంటే ఎండన పడి వచ్చినవాళ్లకు ప్రాణం లేచి వస్తుంది. ఏ పండుతో చేసినా ఆ పూటకు సరిపడా చేసుకోండి. మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఆ రోజే ముగించండి.

“నిమ్మకాయల ధర చూశారా?” అంటారు మా పక్కింటి పిన్నిగారు. నిజమే. గూడూరు, తెనాలి మార్కెట్లు మన పక్కనే ఉన్నా ఎండాకాలం వచ్చేసరికి కాయ కొండెక్కుతుంది. 2022 ఏప్రిల్లో ఒక్కో కాయ పది రూపాయలు పలికిన సంగతి మనం మరచిపోలేదు. దీనికి ముందుచూపే మందు. వానాకాలంలో, చలికాలంలో చవగ్గా దొరికినప్పుడు ఓ యాభై కాయలు తెచ్చి, రసం తీసి, వడకట్టి, ఐసు గడ్డల తట్టల్లో పోసి గడ్డకట్టించండి. ఆ గడ్డలు డబ్బాలో వేసి పైఅరలోనే దాచుకుంటే, ఎండాకాలంలో గ్లాసుకు ఒక గడ్డ వేస్తే సరిపోతుంది.

చుట్టాల కోసం స్క్వాష్ నిలవ పెట్టుకోవాలంటే అరలీటరు నిమ్మరసానికి కిలో పంచదార, అరలీటరు నీళ్లు. పంచదార, నీళ్లు కలిపి ఒక పొంగు రానిచ్చి, వడకట్టి, పూర్తిగా చల్లార్చి రసం కలపాలి. నిలవకు పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే పొడిని ఈ మొత్తం రెండు కిలోలకు ఒక గ్రాముకు మించకుండా, కొంచెం స్క్వాష్‌లోనే కరిగించి కలుపుతారు. మరగకాచి ఆరబెట్టిన గాజుసీసాలో, పైన అంగుళం ఖాళీ వదిలి పోయాలి. ఉబ్బసం ఉన్నవారికి మాత్రం ఈ పొడి పడకపోవచ్చు. వారికి పొడి వేసినది ఇవ్వకండి. ఇది తీపి ఎక్కువైన సరుకు. గ్లాసుకు రెండు పెద్ద చెంచాలు చాలు, అదీ ఎప్పుడో ఒకప్పుడు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు షర్బత్తు మందు కాదు. అప్పుడు ఇవ్వాల్సింది ఓ.ఆర్.ఎస్. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వ్యాపించి, సెలైను సీసాలు నిండుకున్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఇలా ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ప్యాకెట్టు అందుబాటులో లేకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలకొట్టిన టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. మన షర్బత్తుతో పోల్చి చూడండి. పంచదార సగం, ఉప్పు రెట్టింపు. కిటుకంతా అక్కడే ఉంది. కొలత తప్పకూడదు. ఉప్పు ఎక్కువైనా ప్రమాదమే. దాన్ని చెంచా చెంచాగా, మాటిమాటికీ పట్టించాలి.

మందుల షాపులో కొనేటప్పుడు కూడా ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలు పెట్టుకుని తియ్యటి పళ్లరసాలు అమ్మడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. ఆ ఫార్ములా ప్రకారం చేయని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఒక స్త్రీ పట్టుదల ఎందరు తల్లుల కళ్లు తెరిపించిందో చూడండి.

మరో రెండు మాటలు. ఆరునెలల లోపు పసిబిడ్డకు ఎంత ఎండల్లోనైనా తల్లిపాలే చాలు, షర్బత్తూ వద్దు, నీళ్లూ వద్దు. ఇంట్లో షుగరు జబ్బు ఉన్నవారికి పంచదార లేకుండా ఉప్పు వేసిన నిమ్మనీళ్లో, పలచని మజ్జిగో ఇవ్వండి. రక్తపోటు కూడా ఉంటే ఆ ఉప్పూ తగ్గించండి. వడదెబ్బ తగిలి తెలివి తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చివరగా ఒక్క సంగతి. మా అబ్బాయి ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి ఇంటిల్లిపాదికీ షర్బత్తు కలిపి పళ్లెంలో పెట్టి అందించాను. మా అత్తగారు గ్లాసు అందుకోకుండా లెక్కపెట్టి, “నీదేదమ్మా?” అన్నారు. నాకోసం కలుపుకోలేదు. పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర ఉన్నది నేనే, ఒళ్లంతా చెమటలు కారింది నాకే, మంచినీళ్లు తాగిన గుర్తులేనిదీ నాకే! మనలో చాలామంది ఇంతే. అందరికీ పంచాక గిన్నె అడుగున మిగిలినదే మనది అనుకుంటాం. వంటింటి వేడి కూడా ఎండలాంటిదే. తలనొప్పి, కళ్లు తిరగడం, మూత్రం మంట, వీటిలో చాలావాటికి సరిగ్గా నీళ్లు తాగకపోవడం కూడా ఒక కారణం.

అందుచేత ఈ వేసవిలో షర్బత్తు కలిపేటప్పుడు గ్లాసులు లెక్కపెట్టుకోండి. మీది కూడా అందులో ఉండాలి.