గ్రామములలోని చరిత్ర సాక్ష్యములు

(రజతోత్సవ సందర్భమున సికింద్రాబాదులో చదివిన ప్రసంగ పాఠము)



చరిత్ర యనగా పుస్తకములలో అచ్చుపడిన కథయే యని పలువురి తలంపు. కాని ఆ పుస్తకము వ్రాసినవాడు దేనిని చూచి వ్రాసెను? అతడు చూచినది మరియొక పుస్తకమైనచో, దానిని వ్రాసినవాడు దేనిని చూచెను? ఇట్లడుగుచు వెనుకకు పోగా పోగా, తుదకు ఒక రాయియో, రాగిరేకో, తాటాకో ఎదురగును. అదియే మూలసాక్ష్యము. రాజుల చరిత్రకును, గుళ్ల యొక్కయు మఠముల యొక్కయు చరిత్రకును అట్టి సాక్ష్యములు పల్లెలలో విస్తారముగా నున్నవి.

ఇందుకు నల్గొండ జిల్లాలోని చందుపట్ల శాసనమే చాలిన ఉదాహరణము. కాకతీయ రుద్రమదేవి 1295 లేక 1296 వరకు పాలించెనని చరిత్రకారులు చాలకాలము వ్రాయుచు వచ్చిరి. ఈ శాసనము వెలుగులోనికి రాగా ఆ లెక్క మారెను. కాకతి మహాదేవియు, మల్లికార్జున నాయకుడును శివలోకమునకు పోయిరని చెప్పి, వారి పుణ్యము కొరకు పువ్వుల ముమ్మడి యను సేవకుడు సోమనాథదేవరకు భూమి నిచ్చెనని అందు గలదు. కాలము శకవర్షము 1211, విరోధి సంవత్సరము, మార్గశిర మాసము. శకవర్షమునకు 78 కలిపిన 1289 వచ్చును. విరోధి యను పేరు అరువదియేండ్ల కొకసారి మరల వచ్చునది గనుక ఆ పేరొక్కటే చాలదు. శకసంఖ్యతో సరిపోలినప్పుడే దానిని నమ్మవలెను. ఇచట రెండును సరిపోవుచున్నవి. మహారాణి మరణకాలమును మనకు తెలిపినది ఆస్థానకవి కాదు, గుడికి పొలమిచ్చిన యొక సేవకుడు!

ఆ శతాబ్ది చివర దక్షిణదేశమునకు వచ్చిన వెనిసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాణి పాలనను మెచ్చుకొనెను. కాని ఆమె పూర్వరాజు భార్య యని వ్రాసెను. ఆమె గణపతిదేవుని కుమార్తె యని శాసనములు చెప్పుచున్నవి. కావున ఆ కాలపువాడే వ్రాసినను, అతడు కన్నది వ్రాసెనా, విన్నది వ్రాసెనా యని విచారింపవలెను.

మతచరిత్రకును ఇదియే మార్గము. గుంటూరు ప్రాంతమునందలి మల్కాపుర శాసనము 1261 నాటిది. రుద్రమదేవి శైవాచార్యుడగు విశ్వేశ్వర శివునకు చేసిన దానము అందు వ్రాయబడినది. గోళకీ మఠమునకు అనుబంధముగా ప్రసూతిశాలయు, ఆరోగ్యశాలయు, అన్నసత్రమును నడచినట్లు దానివలననే తెలియుచున్నది. మతమనగా పూజావిధానము మాత్రమే కాదనియు, రోగికి మందు, బాలింతకు ఆదరణ, ఆకలిగొన్నవానికి అన్నము కూడ అందలి భాగములే యనియు ఆ రాయి సాక్ష్యమిచ్చుచున్నది.

శాసనముల తరువాత చూడదగినవి కైఫీయతులు. కల్నలు మెకంజీ కొరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి సేకరించినవి అవి. అందు పాత కవిలెలనుండి ఎత్తి వ్రాసిన సంగతులును గలవు, వృద్ధులు చెప్పిన కథలును గలవు. రెండింటిని వేరుచేసి చదువువానికే అవి అక్కరకు వచ్చును.

ఈ సికింద్రాబాదునకు కూడ ఈ కృషితో సంబంధము గలదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, ఇచట ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము 1905లోను వెలసినవి. ఆ గ్రంథాలయోద్యమమునుండియే శాసనపరిశోధనమును పుట్టెను. కొమర్రాజు లక్ష్మణరావు గారి పేర నెలకొన్న పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అను గ్రంథమును వెలువరించెను. ఇచటికి సమీపముననే తార్నాకలో మొగలాయీల కాలపు పారసీక పత్రములను కాపాడుచున్న రాజ్య అభిలేఖాగారము గలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ప్రాచ్యలిఖిత గ్రంథాలయము గలదు.

అయినను ఆ భవనములకు చేరనివి ఊళ్లలో నశించుచున్నవి. గుడికి వేసిన సున్నము క్రింద అక్షరములు మాయమగును. శాసనపు రాయి బట్టలుతుకు బండయగును. తాటాకు కట్ట చెదలపాలగును. అచ్చుపుస్తకము చినిగిన మరియొక ప్రతి దొరకును. శాసనమునకు రెండవ ప్రతి లేదు.

కావున ప్రతి గ్రామ గ్రంథాలయమును ఒక పట్టిక పెట్టవలెను. రాయి ఏ ఊర, ఏ దిక్కున నున్నది, ఎన్ని పంక్తులు, ఎన్ని ముఖములు అను వివరములు వ్రాయవలెను. ఉలితో గీకరాదు, రంగు పూయరాదు. ఏటవాలు వెలుగు పడునప్పుడు ఛాయాచిత్రము తీసి పురావస్తుశాఖకు పంపవలెను. తాళపత్రమైనచో దాని యజమానిని ఒప్పించి, మొదలును తుదియు, వ్రాయసకాని పేరును, కాలమును ఎత్తి వ్రాసికొనవలెను. చదువరాని అక్షరమున్నచోట ఖాళీ విడువవలెను గాని ఊహతో నింపరాదు.

ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన గ్రంథాలయము, ఇక పుస్తకములకు మూలమైన వానిని కూడ కాపాడుగాక! స్వస్తి.